వాన పడితేనే వచ్చే పెట్రోలు వాసన

ముందే ఒప్పుకుంటాను, నేను పిరికివాణ్ణి. ముప్పై ఆరేళ్ళు బళ్ళు బాగుచేశాను. పెట్రోలు వాసన కొడుతున్న బండి షెడ్డులోకి వచ్చిన ప్రతిసారీ ముందు చుట్టుపక్కల బీడీలన్నీ ఆర్పించేవాణ్ణి. అరకులో నా షెడ్డు మూసేసి రెండేళ్ళయింది. ఇప్పటికీ మా ఇంటి ముందు ఎవరైనా స్కూటర్ ఆపితే లేచి వెళ్ళి దాని కింద నేల చూసి వస్తాను. మా ఆవిడ నవ్వుతుంది. నవ్వనీ.

ఐ.టి.ఐ. చదువుకుని ఈ పనిలోకి వస్తున్నవాళ్ళు అప్పుడప్పుడూ నన్ను వెతుక్కుంటూ వస్తారు. ఇంజను గురించి వాళ్ళకి నాకంటే ఎక్కువే తెలుసు. ఫోన్లో వీడియోలున్నాయి, కంప్యూటర్ తగిలిస్తే బండే తన జబ్బు చెప్పుకునే రోజులు. కానీ ఏ కంప్యూటరూ పెట్రోలు వాసన పట్టలేదు. అది పట్టాల్సింది మనిషి ముక్కే. ఆ ముక్కుతో నేను చేసిన తప్పులు కొన్ని రాస్తున్నాను. మంచి పనులు కూడా చేశాను, అవి నేను చెప్పక్కర్లేదు, బళ్ళు రోడ్డు మీద తిరుగుతూనే ఉన్నాయి.

చచ్చిపోయిన ముక్కు

నేను పని నేర్చుకున్నది విశాఖలో, నూకరాజు గారి గ్యారేజీలో. ఆయన మంచి పనివాడు, చెడ్డ నోరు. తిట్టకుండా స్పానర్ అడగడం ఆయనకి చేతకాదు. ఆయన దగ్గర ఎనిమిదేళ్ళున్నాను.

పెట్రోలు వాసన వస్తోందని బండి వస్తే ఆయన బానెట్ ఎత్తనిచ్చేవాడు కాదు. అన్ని తలుపులూ మూసి, కాసేపు ఆగి, ఒక్క తలుపు తెరిచి తల లోపల పెట్టమనేవాడు. ఆ మొదటి క్షణంలో ఏ వైపునుంచి వాసన తగిలిందో అదే నిజం అనేవాడు. నేను కారు కింద దూరి అరగంట వెతికి, "ఏమీ లేదండీ, వాసన పోయింది" అంటే, "వాసన పోలేదురా, నీ ముక్కు సచ్చిపోనాది. బయటికెల్లి గాలి పీల్సుకు రా" అని తరిమేవాడు.

ఇది నిజం. పెట్రోలు వాసన కాసేపు పీలిస్తే ముక్కు దానికి అలవాటు పడిపోతుంది. పక్కనే కారుతున్నా తెలియదు. ఈ ఒక్క ముక్క నేర్పినందుకు ఆయన తిట్లన్నీ మాఫీ చేశాను. అయితే ఇదే ముక్కని నేను తర్వాత తప్పుగా వాడాను. దానివల్ల ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చింది. ఆ సంగతి చెప్పడానికే ఈ కాగితాలు ముందేసుకున్నాను, కానీ దాని దగ్గరికి వెళ్ళడానికి నాకే భయంగా ఉంది. ముందు చిన్నవి చెబుతాను.

అడగకుండా విప్పిన బళ్ళు

అరకులో షెడ్డు పెట్టిన కొత్తలో ఒకాయన కింద ఊళ్ళనుంచి కుటుంబంతో బొర్రా చూడ్డానికి వచ్చాడు. కొత్త కారు. గుహలు చూసి వచ్చేసరికి కారు వెనక చక్రం పక్కన నేల తడిగా ఉంది, లోపల వాసన. భార్యాపిల్లల్ని బస్సెక్కించి, కారు మెల్లగా నా దగ్గరికి తెచ్చాడు. నేను పెట్రోలు పోసే మూతి దగ్గరి రబ్బరు గొట్టం సరిగా లేదని చెప్పి మార్చేశాను. నెలన్నర తర్వాత మళ్ళీ వచ్చాడు, మళ్ళీ అదే చోట తడి. ఈసారి ఆయన నన్ను అనుమానంగా చూశాడు. నన్ను నేనూ అలాగే చూసుకున్నాను.

అప్పుడు అడిగాను, పెట్రోలు ఎక్కడ పోయించారని. కొండ మీద బంకులు దొరకవని ఎవరో చెప్పారట. కొండ కింద ఎస్.కోట దగ్గర మూతి దాకా పోయించి, కారుని అటూ ఇటూ ఊపి మళ్ళీ పోయించాడట. పొద్దున్న చల్లటివేళ పోసిన పెట్రోలు ఎండకి ఉబ్బుతుంది. దానికి తోడు కారుని ఎత్తు మీద ముక్కు పైకి పెట్టి ఆపాడు. వెనకనుంచి పొంగి కారకుండా ఏం చేస్తుంది? కొంచెం ఖాళీ ఉంచి పోయించుకోమన్నాను, అంతే. నేను మార్చిన గొట్టం మంచిదే, మార్చకుండా ఉండాల్సింది. విప్పడానికి ముందు అడగాలి. ఎక్కడ పోయిస్తారు, ఎంత పోయిస్తారు, ఎక్కడ ఆపుతారు, ఎప్పుడు వాసన వస్తుంది. నేను మొదటిసారి ఇవేవీ అడగలేదు, ఎందుకంటే అడిగితే నాకు పని రాదనుకుంటారేమోనని.

రెండోది ఇంకా సిగ్గుచేటు. లంబసింగిలో పనిచేసే ఒక మాస్టారి కారు. అక్కడ చలికాలంలో ఎలుకలు వెచ్చదనం కోసం ఇంజను మీదికి చేరతాయి. చేరి ఊరుకోవు, పెట్రోలు గొట్టం కొరుకుతాయి. ఒకసారి మార్చాను, రెండు వారాల్లో మళ్ళీ కొరికాయి. ఆ రోజు షెడ్డులో పెట్రోలు గొట్టం అయిపోయింది. మాస్టారికి మర్నాడు ఏదో పరీక్ష డ్యూటీ ఉంది. సర్దుబాటుగా ఉంటుందని నీళ్ళకి వాడే గొట్టం ముక్క తొడిగి పంపాను. వారంలో కొత్తది వేస్తానని చెప్పాను. పది రోజులకి ఆ గొట్టం పెట్రోలుకి నానిపోయి, మెత్తబడి చిట్లింది. ఇంజను వేడిగా ఉంది. మాస్టారి భార్య "ఏటో వాసన, ఆపండి" అని పట్టుబట్టి కారు ఆపించింది కాబట్టి సరిపోయింది. ఆవిడ ఆ మాట అనకపోయుంటే నేనీ పాటికి జైల్లోనో, ఇంకెక్కడో ఉండేవాణ్ణి. పెట్రోలు గొట్టం దగ్గర సర్దుబాటు పని చెయ్యకండి. మర్నాడు ఎంత ముఖ్యమైన పనున్నా, బస్సులో వెళ్ళమనండి.

బుద్రు చెప్పిన మాట

మా కొండల్లో మిషన్ వాళ్ళ చిన్న ఆసుపత్రి ఒకటుండేది. అరకుకి పద్దెనిమిది కిలోమీటర్లు, ఘాట్ రోడ్డు. మరియమ్మ సిస్టర్ అనే నర్సు నడిపేది. వాళ్ళకి ఒక పాత పెట్రోలు వ్యాను. ఇంజను ముందు సీట్ల కిందే ఉండే రకం, కింద ఏం కారినా వాసన నేరుగా లోపలికే వస్తుంది. దాని డ్రైవరు బుద్రు. అక్కడి కొండ పల్లెవాడే. తక్కువ మాట్లాడతాడు, బండిని మాత్రం కడిగి తుడిచి బాగా చూసుకుంటాడు. కొండ మీది ఊళ్ళనుంచి కడుపుతో ఉన్నవాళ్ళని డోలీ కట్టి రోడ్డు దాకా మోసుకొస్తే, అక్కడనుంచి అరకు పెద్దాసుపత్రికి చేర్చే బండి అదే.

ఒక ఎండాకాలం బుద్రు వచ్చి, "మేస్త్రీ, బండిలో పెట్రోలు కంపొత్తంది" అన్నాడు. నా పద్ధతి ప్రకారం బండిని ఒక రోజంతా షెడ్డులో ఆరబెట్టాను. తడి ఉంటే కారుడు కనపడదు, అందుకని కడగనిచ్చేవాణ్ణి కాదు. ఇంజను ఆపి, చల్లారాక కింద దూరి చూశాను. ఒక గొట్టం పగుళ్ళు తేలి ఉంది, మార్చాను. వారానికి మళ్ళీ వచ్చాడు. ట్యాంకు మూత వాషర్ మార్చాను, క్లిప్పులు బిగించాను. పది రోజులకి మూడోసారి వచ్చాడు.

ఆ రోజు షెడ్డులో నలుగురైదుగురు జీపు డ్రైవర్లున్నారు. నాకు చిరాగ్గా ఉంది. రెండుసార్లు బాగుచేసి పంపిన బండిని మూడోసారి తెస్తే నా పని బాగాలేదని అందరి ముందూ చెప్పినట్టే కదా.

"ఎప్పుడొస్తోంది వాసన?" అన్నాను.

"ఎక్కుడులో ఎల్లినప్పుడు. కొంచెమే."

"ఇప్పుడొస్తోందా?"

బుద్రు వాసన చూసి, "ఇప్పుడు లేదు" అన్నాడు.

"మరి? రోజూ అందులోనే కూర్చుంటావు, పెట్రోల్లోనే మునుగుతావు. నీ ముక్కు చచ్చిపోయింది బుద్రూ. ముందు ముక్కు బాగుచేయించుకో, తర్వాత బండి చూద్దాం" అన్నాను.

డ్రైవర్లు గొల్లుమన్నారు. నేనూ నవ్వాను. బుద్రు నవ్వలేదు. బండి తీసుకుని వెళ్ళిపోయాడు. నేను కనీసం బండి కింద తల పెట్టలేదు.

నూకరాజు గారు చెప్పింది, ముక్కు చచ్చిపోతే వాసన లేదనుకుంటామని. లేని వాసన ఉందనుకుంటామని కాదు. నేను నేర్చుకున్నదాన్ని తిరగేసి ఒక మనిషి నోరు మూయించడానికి వాడుకున్నాను. ఆ సంగతి నాకప్పుడు తట్టనే లేదు. పైగా ఆ తర్వాత రెండు నెలలు బుద్రు రాకపోతే, చూశావా, నేనన్నదే నిజమైంది అనుకున్నాను.

వానలు మొదలయ్యాక మరియమ్మ సిస్టరే ఫోన్ చేసింది. "మేస్త్రీ గారూ, బండిలో వాసన బాగా వస్తోంది. ఒక్కోరోజు ఉంటుంది, ఒక్కోరోజు ఉండదు. నాకు తలనొప్పి వచ్చేస్తోంది. కడుపుతో ఉన్నవాళ్ళు వాంతులు చేసుకుంటున్నారు" అంది. బుద్రు బండి తెచ్చాడు, ఏమీ మాట్లాడకుండా తాళం ఇచ్చి బల్ల మీద కూర్చున్నాడు. మళ్ళీ నా పద్ధతి. రోజంతా ఆరబెట్టాను, ఇంజను ఆపి చూశాను. చుక్క తడి లేదు. ఏమీ లేదని చెప్పి పంపాను. నాలుగు రోజులకి మళ్ళీ ఫోన్. మళ్ళీ ఆరబెట్టి చూశాను. మళ్ళీ ఏమీ లేదు.

అప్పటినుంచి నాకు నిద్ర కరువైంది. కనపడే కారుడుకి నేను భయపడను. చుక్క కనపడకుండా వాసన మాత్రం వస్తోందంటే ఎక్కడో నన్ను మోసం చేసేది ఉందన్నమాట. ఆ బండిలో ఎక్కేది మామూలు మనుషులు కాదు, కదలలేనివాళ్ళు. మంట వస్తే తలుపు తీసుకుని దూకగలిగేవాళ్ళు కాదు. సిస్టర్‌కి ఫోన్ చేసి, "ఈసారి వాసన వచ్చిన రోజు నన్ను పిలవండి. బండి నా దగ్గరికి పంపొద్దు, నేనే వచ్చి అందులో కూర్చుంటాను" అన్నాను.

నోరు తెరవొద్దన్న రోజు

రెండు రోజులనుంచి ముసురు. పొద్దున్నే సిస్టర్ ఫోన్ చేసింది. సంచిలో పనిముట్లు, నాలుగు క్లిప్పులు, కొత్త గొట్టం ముక్కలు వేసుకుని మొదటి బస్సులో వెళ్ళాను. నేను చేరేసరికి అక్కడ వేరే హడావుడి. దొయిమతి అనే అమ్మాయిని డోలీలో మోసుకొచ్చారు. తొలి కాన్పు. నొప్పులు ముందురోజే మొదలయ్యాయట. సిస్టర్ చూసి బిడ్డ అడ్డం తిరిగిందంది. అరకు తీసుకెళ్ళి ఆపరేషన్ చేస్తే గానీ కాదు. అంబులెన్సుకి చెబుదామంటే పొద్దున్న ఉన్న సిగ్నలు ఇప్పుడు లేదు.

"బండి ఎలా ఉంది?" అని బుద్రుని అడిగాను.

"ఎల్తాది," అన్నాడు. నా వైపు చూడలేదు.

అందరం ఎక్కాం. మధ్య సీటు మీద దొయిమతి, ఆమె తల సిస్టర్ ఒళ్ళో. వెనక సీటులో ఆమె ముసలి అత్త, డోలీ మోసిన ఇద్దరు మనుషులు. డోలీ కర్ర పైన కట్టారు. నేను బుద్రు పక్కన. అద్దాలన్నీ మూసేశాం, వాన అంత జోరుగా ఉంది. మొదటి ముప్పావుగంట ఏ వాసనా లేదు. నేను మధ్యమధ్య అద్దం దించి బయటి గాలి పీల్చి, మళ్ళీ లోపలికి ముక్కు తిప్పుతున్నాను. పిచ్చివాడనుకున్నారో ఏమో.

ఎక్కుడు అయిపోయి దిగుడు మొదలైన చోట వచ్చింది. ఒక్కసారిగా, ముఖాన కొట్టినట్టు. ఇది ట్యాంకు మూత దగ్గర వచ్చే వాసన కాదు, ఎక్కడో ధారగా కారుతున్న వాసన.

"బుద్రూ, ఎంత దూరం ఉంది?"

"మూడు కిలోమీటర్లు. బేగి ఎల్లిపోదాం మేస్త్రీ."

దొయిమతి మూలుగుతోంది. సిస్టర్ నా వైపు చూసింది. ఆమెకీ వాసన తెలుస్తోంది. మూడు కిలోమీటర్లంటే పది నిమిషాలు. వెళ్ళిపోవచ్చేమో అని నేనూ అనుకున్నాను. దాచడం దేనికి, అలాగే అనుకున్నాను. అంతలో పెట్రోలు వాసన అడుగున ఇంకో వాసన తగిలింది. పొగాకు.

వెనక్కి తిరిగి చూశాను. మోతగాళ్ళిద్దరి చేతులూ ఖాళీ. ముసలమ్మ చేతులూ ఖాళీయే, నోరు మూసుకుని కోడలి వైపు చూస్తూ కూర్చుంది. మా వైపు పెద్దవయసు ఆడవాళ్ళు అడ్డపొగ కాలుస్తారు. చుట్ట వెలిగించి, వెలిగిన కొసని నోట్లో పెట్టుకుంటారు. బయటికి నిప్పు కనపడదు, చుట్ట చిన్నదైతే మొత్తం నోట్లోనే ఉంటుంది. మా అమ్మ కూడా కాల్చేది. కంగారు పడితే ఆవిడకీ అదే కావాలి.

"మామ్మా, నోట్లో చుట్టుందా?" అన్నాను.

ముసలమ్మ తల ఊపి, చుట్ట తియ్యబోయింది.

"తియ్యకు. నోరు తెరవకు. నేను చెప్పేదాకా తెరవకు మామ్మా, నీకు దండం పెడతాను."

ఆమె అలాగే ఆగిపోయింది. "ఏటైనాది?" అని మోతగాడొకడు అడిగాడు. నేను బుద్రు భుజం మీద చెయ్యి వేసి, ఇంజను ఆపెయ్, బండి వాలుకి దొర్లనీ, ఆ మలుపు దాటాక ఆపు అని నెమ్మదిగా చెప్పాను. గట్టిగా అంటే వాడు కంగారులో ఇంకేం చేస్తాడోనని నా భయం. వాడు తాళం తిప్పేశాడు. ఇంజను చప్పుడు ఆగిపోయాక పైన వాన చప్పుడు, దొయిమతి మూలుగు మాత్రమే వినిపించాయి. బండి ఆగేదాకా పట్టిన ఆ కాసేపూ నేను ముసలమ్మ నోటినే చూస్తూ కూర్చున్నాను.

బండి ఆగగానే దిగి, వెనక తలుపు తీసి, ముసలమ్మ చెయ్యి పట్టుకుని వానలో నడిపించాను. పాతిక ముప్పై అడుగులు వెళ్ళాక, "ఇప్పుడు ఉమ్మెయ్ మామ్మా" అన్నాను. పక్క కాలవలో ఉమ్మింది. నిప్పు సుయ్‌మంది. ఆమె నడుముకి చెక్కుకున్న సంచిలో అగ్గిపెట్టె కూడా ఉంది. అది తీసుకుని నా జేబులో పెట్టుకున్నాను. చుట్ట నిప్పుకి పెట్రోలు అంత తేలిగ్గా అంటుకోదని తర్వాత ఎవరో చదువుకున్నాయన చెప్పాడు. అగ్గిపుల్లకి మాత్రం అంటుకుంటుంది. ఆమె చుట్ట ఆరిపోయి, ఇంకోటి వెలిగించుకుని ఉంటే నేనివాళ ఇది రాసేవాణ్ణి కాదు.

తిరిగి వచ్చేసరికి సిస్టర్ దొయిమతిని కిందికి దింపించేసింది. "బండి నడుస్తుందా, నడవదా? ఒక్క మాట చెప్పండి" అంది.

బండి కింద చూశాను. సైలెన్సర్‌కి జానెడు దూరంలో పెట్రోలు చుక్కలు చుక్కలుగా పడుతోంది. "కాసేపట్లో బాగుచేస్తాను" అన్నాను.

"కాసేపంటే ఎంత?"

సైలెన్సర్ బాగా వేడిగా ఉంది. అది చల్లారేదాకా నేను ఆ గొట్టం మీద చెయ్యి వెయ్యలేను. "అరగంట, ఎక్కువే పట్టొచ్చు" అన్నాను.

ఆమె వెనక్కి తిరిగింది. మోతగాళ్ళు అప్పటికే పైనుంచి కర్ర దించి దుప్పటి కడుతున్నారు. "మేం మోసుకెల్తాం సిస్టరమ్మా, మాకలవాటే" అన్నాడు పెద్దవాడు. దొయిమతిని అందులో పడుకోబెట్టి, మీద ప్లాస్టిక్ పట్టా కప్పి బయల్దేరారు. సిస్టర్ డోలీ పక్కనే నడిచింది, ముసలమ్మ వెనక నడిచింది. వెళ్తూ నా వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. అది నన్ను తిట్టిన చూపు.

ఆ మూడు కిలోమీటర్లు బండి నడిపించి ఉంటే పది నిమిషాల్లో చేరేవాళ్ళేమో. దారిలో తగలబడేవాళ్ళేమో. రెండిట్లో ఏది జరిగేదో చెప్పగలిగేవాళ్ళు ఎవరూ లేరు. ఆ వానలో నిలబడి సైలెన్సర్ ఎప్పుడు చల్లారుతుందా అని చూస్తూ, దారిలో ఆ అమ్మాయికి ఏమైనా అయితే నన్ను నేనేం చేసుకోవాలో కూడా ఆలోచించాను.

జిగురు

చల్లారాక కింద దూరాను. ఇంజను వాడుకోగా మిగిలిన పెట్రోలు ట్యాంకులోకి తిరిగొచ్చే సన్నటి ఇనప గొట్టం ఒకటుంటుంది. ఇంజను నడుస్తున్నప్పుడే అందులో పెట్రోలు పారుతుంది. నేనేమో నిప్పు భయంతో ఎప్పుడూ ఇంజను ఆపే చూసేవాణ్ణి. ఆ గొట్టం చుట్టూ మట్టి గడ్డ లాంటిది ఉంది. వానలు మొదలయ్యాక రెండుసార్లూ చూసి మట్టే అనుకున్నాను. ఇప్పుడు వేలు పెడితే జారిపోయింది, ముద్దలా వేలాడుతోంది. వేళ్ళ మధ్య నలిపి చూశాను. తపసి బంక.

మా కొండల్లో పుట్టినవాడికి అది చెప్పక్కర్లేదు. తపసి చెట్టుకి గాటు పెడితే కారే జిగురు. ఏరి, ఎండబెట్టి సంతలో అమ్ముతారు. పెట్రోలుకి అది కరగదు. ఎండిందంటే రాయిలా పట్టుకుంటుంది. కానీ నీళ్ళు తగిలితే ఉబ్బి, మెత్తబడి జారిపోతుంది. వాన పడినప్పుడు గొట్టం కారేది. నేను షెడ్డులో రోజంతా ఆరబెట్టేసరికి బంక మళ్ళీ గట్టిపడి బెజ్జం మూసుకునేది. కారుడు పట్టుకోవడానికని నేను పెట్టుకున్న పద్ధతే ప్రతిసారీ ఆ కారుడుని దాచిపెట్టింది.

గొట్టంలో ఆ ముక్క కోసేసి, రబ్బరు గొట్టం తొడిగి, రెండు వైపులా క్లిప్పులు బిగించాను. బుద్రు చేత ఇంజను నడిపించి, సీసాతో నీళ్ళు పోసి, పొడి గుడ్డ చుట్టి, విప్పి వాసన చూశాను. లేదు. అప్పుడు బయల్దేరాం. ఆసుపత్రి గేటు కనపడే మలుపులో వాళ్ళని అందుకున్నాం. బుద్రు బండి ఆపి తలుపు తీశాడు. ముసలమ్మ డోలీకి, బండి తలుపుకి మధ్య అడ్డం నిలబడింది.

"ఆ బండి మాకొద్దు. మీరెల్లండి," అంది.

మోతగాళ్ళు ఆగలేదు. మేం ఖాళీ బండిలో వాళ్ళ వెనకే నడక వేగంతో గేటు దాకా వెళ్ళాం.

దొయిమతి బతికింది. బిడ్డా బతికింది. ఆడపిల్ల. ఇంకాస్త ఆలస్యమైతే కష్టమయ్యేదని డాక్టరుగారు సిస్టర్‌తో అంటుంటే విన్నాను. వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాను. కళ్ళవెంట నీళ్ళు కారిపోయాయి. బుద్రు వచ్చి నా పక్కన, కాస్త ఎడంగా కూర్చున్నాడు.

"ఆ బంక నువ్వే పెట్టావా?" అన్నాను.

"నానే."

"నాకు చెప్పొద్దా బుద్రూ?"

"సెప్పినాను కదా మేస్త్రీ. మూడుసార్లొచ్చి సెప్పినాను. నా ముక్కు సచ్చిపోనాదన్నావు. అందరూ నవ్వినారు. నువ్వూ నవ్వినావు. మల్లీ వచ్చి ఏటని సెప్పను? నానే అడుక్కి దూరి సూసుకున్నాను. సిన్న బెజ్జం. మా యమ్మ బంకిచ్చినాది."

"బెజ్జం దొరికాకైనా చెప్పొచ్చు కదా. బండి ఇస్తే మార్చేసేవాణ్ణి."

"బండిత్తే ఆపేత్తావు. ఆరబెట్టాలంటావు. కడుపుతోటున్నోల్లు ఆగరు కదా, మేస్త్రీ."

నేను వేళ్ళకంటిన బంక గీకుతూ కూర్చున్నాను.

సిస్టర్ బయటికొచ్చి ఎందుకు కారిందని అడిగింది. పాత గొట్టం, తుప్పు పట్టి బెజ్జం పడింది అని చెప్పాను. బంక మాట ఎత్తలేదు. బంక సంగతి తెలిస్తే బుద్రు ఉద్యోగం పోయేది. వాణ్ణి కాపాడానని చాలా రోజులు గొప్పగా అనుకున్నాను. నిజానికి నన్ను నేను కాపాడుకున్నాను. బంక సంగతి చెబితే, అది ఎందుకు పెట్టాల్సొచ్చిందో కూడా చెప్పాలి కదా.

ఆ తర్వాత నా పద్ధతులన్నీ మార్చుకున్నాను. తడిపీ చూశాను, ఆరబెట్టీ చూశాను, ఇంజను నడిపీ చూశాను. వాసన వస్తోందని ఎవరన్నా సరే, ఆరేళ్ళ పిల్ల అన్నా సరే, ముందు ఉందనే అనుకుని మొదలుపెట్టాను. షెడ్డులో ఎవరినీ నవ్వనివ్వలేదు. ఈ పనిలోకి వచ్చేవాళ్ళకి నేను చెప్పగలిగిందల్లా ఇదే. బండిలో కారుడు ఎప్పుడో ఒకప్పుడు దొరుకుతుంది. చెప్పడానికి వచ్చినవాణ్ణి ఒకసారి తలవంచుకుని వెళ్ళేలా చేస్తే, ఆ తర్వాత ఏం జరుగుతోందో మీకు తెలిసే దారి ఉండదు.

బుద్రు ఆ వ్యాను ఇంకా ఆరేళ్ళు నడిపాడు. ఆయిలు మార్చడానికి, బ్రేకులకి నా దగ్గరికే తెచ్చేవాడు. ఎప్పుడొచ్చినా నేను పని వదిలేసి ఎదురెళ్ళి, టీ తెప్పించి, "వాసనేమైనా వస్తోందా బుద్రూ?" అని అడిగేవాణ్ణి. ఎన్నిసార్లు అడిగినా, "నేదు మేస్త్రీ" అనేవాడు, అంతే. అప్పుడు నేను బండి కింద దూరి గంటసేపు వెతికేవాణ్ణి. ఏమీ దొరికేది కాదు. వాసన నిజంగా లేదో, నాకు చెప్పడం మానేశాడో ఆ ఆరేళ్ళలో నాకు తెలియలేదు.